పాత కత్తి వయసు ఎక్కడ రాసి ఉంటుంది?

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, శబరి నది ఒడ్డున ఉంది సుక్మా. అక్కడి నుంచి జాతీయ రహదారి 30 మీద కిందికి వస్తే దోర్నపాల్, కోంటా దాటి ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, ఆపైన భద్రాచలం వస్తాయి. 2012లో దంతెవాడ నుంచి విడిపోయి జిల్లా అయిన ఈ ప్రాంతంలో గోండి, దోర్లి, హల్బీలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. బస్తర్ ఊళ్లలోని దేవతల గుళ్లలో త్రిశూలాలు, ఇనుప గొలుసులు, దీపపు కుందెలతో పాటు పాత కత్తులు కూడా ఉంటాయి. వాటి గురించి అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: "తాతల నాటిది." కాకతీయుల వంశం వాడైన అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడన్న కథ ఇక్కడ అందరికీ తెలుసు. అందువల్ల బేరానికి వచ్చిన వ్యాపారి ఏ కత్తినైనా "ఏడు వందల ఏళ్ల నాటిది" అని చెప్పగలడు, వినేవారు నమ్మగలరు.

నిజంగా ఆ కత్తి వయసెంత? దీనికి జవాబు చెప్పడం అనుకున్నంత తేలిక కాదు, కానీ అసాధ్యమూ కాదు. ఈ పనిలో అందరికంటె ముందున్నది జపాన్. అక్కడి పాత కత్తులను గుర్తించి, కాలం నిర్ణయించే పద్ధతి కొన్ని శతాబ్దాలుగా ఒక విద్యగా సాగుతోంది. కొత్తగా కత్తులు సేకరించడం మొదలుపెట్టినవారు ఎక్కడివారైనా ముందు నేర్చుకునేది ఈ పద్ధతే. అందులో ఏది మన కత్తులకు పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

సుక్మాకూ జపాన్‌కూ ఇనుము విషయంలో మరో బంధం ఉంది. పక్క జిల్లా దంతెవాడలోని బైలాడీలా కొండల ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు అమ్మడానికి 1960లో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికే కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం వేశారు. 1968లో గనులు పని మొదలుపెట్టాయి. ఎద్దు మూపురం ఆకారంలో ఉంటుంది కాబట్టి బైలాడీలా అని పేరు పడిన ఆ కొండ నుంచి ఇనుము అలా సముద్రం దాటింది. అయితే జపాన్ కత్తుల్లో బైలాడీలా ఇనుము ఉంటుందని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. అక్కడి సంప్రదాయ కత్తి తయారయ్యేది నల్లని ఇనుప ఇసుక నుంచి. ఈ తేడాయే తరువాత ఒక ఆనవాలుగా అక్కరకు వస్తుంది.

ముందుగా, తోమకూడదు

పాత కత్తి చేతికి రాగానే ఎవరికైనా కలిగే మొదటి ఆలోచన దాన్ని మెరిపించాలని. చింతపండు, నిమ్మకాయ, ఇటుక పొడి, గరుకు కాగితం, అన్నీ ఇంట్లోనే దొరుకుతాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది, నిజమే. కానీ తుప్పుతో పాటు దాని కింది లోహాన్ని కూడా కొంత తింటుంది. ఇటుక పొడి అయితే సన్నని గీతలను, చెక్కిన అక్షరాలను అరగదీస్తుంది.

విజయదశమికి ఆయుధాలను, పనిముట్లను కడిగి, తోమి, పసుపు కుంకుమలు పెట్టడం తెలుగు ఇళ్లలోనూ బస్తర్‌లోనూ ఉన్న ఆచారమే. ఏటా ఒకసారి తోమిన కత్తి నూరేళ్లలో నూరుసార్లు అరిగినట్టు. గుడిలోని కత్తుల అలుగు పలచబడి, పిడి దగ్గర మాత్రం మందంగా మిగలడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. ఆచారాన్ని మానమని ఎవరూ అనరు. మెత్తని పొడి గుడ్డతో తుడిచి బొట్టు పెట్టినా పూజ పూజే.

తుప్పు అంతా ఒకటే కాదు. నారింజ రంగులో పొడిపొడిగా రాలుతూ ఉంటే ఇనుము ఇంకా తినబడుతోందని అర్థం. గాలిలోని తేమ, చేతి చెమటలోని ఉప్పు దాన్ని ఎగదోస్తాయి. నల్లగా, ముదురు గోధుమ రంగులో, గట్టిగా, నున్నగా అంటుకుని ఉన్నది ఎక్కువగా మాగ్నటైట్, గోథైట్ అనే ఆక్సైడ్ల పొర. అది ఇనుముకు ఒక రకంగా చొక్కా లాంటిది. మొదటిదాన్ని ఆపాలి, రెండోదాన్ని ముట్టకూడదు. కత్తి వయసుకు సాక్ష్యం చెప్పేది ఆ రెండోదే.

జపాన్ కత్తి: పిడి లోపలి తోక

జపాన్ కత్తిని చూసేటప్పుడు కొత్తవారి చూపు సహజంగానే మెరిసే అలుగు మీదికి, పట్టు తాడు చుట్టిన పిడి మీదికి పోతుంది. తెలిసినవాడు మాత్రం పిడి ఊడదీస్తాడు. పిడికి అడ్డంగా ఒక సన్నని వెదురు మేకు ఉంటుంది. దాన్ని మెల్లగా తట్టి బయటికి తీస్తే పిడి జారి వస్తుంది. లోపల ఉన్న కత్తి తోకను వాళ్లు నకాగో అంటారు. అలుగును ఎన్నిసార్లైనా సాన పట్టిస్తారు గాని, ఈ తోకను ఎన్నడూ తోమరు. అందుకే కత్తి చేసిన రోజు నుంచి పట్టిన తుప్పంతా దాని మీద పొరలుగా నిలిచి ఉంటుంది. నూరేళ్ల లోపు కత్తి తోక బూడిద రంగులోనో ఎర్రని మచ్చలతోనో ఉంటే, నాలుగైదు వందల ఏళ్ల నాటిది నల్లని పాత పనస గింజలా ముదురు రంగుకు తిరుగుతుంది. కొత్తగా కొన్న ఒక సేకర్త మంచి చేస్తున్నాననుకుని ఈ తుప్పును గీకేస్తే కత్తి విలువలో, సాక్ష్యంలో సింహభాగం ఆ పూటే పోతుంది.

తోక మీద ఇంకా చాలా ఉంటాయి. ఆకురాయితో గీసిన గీతలు ఒక్కో కమ్మరి పరంపరలో ఒక్కో వాలులో ఉంటాయి: కొన్ని అడ్డంగా, కొన్ని ఏటవాలుగా, కొన్ని పక్షి ఈకలా రెండు వైపులా. మేకు కోసం చేసిన రంధ్రం ఒకటే ఉంటే పిడి పెద్దగా మారలేదని ఊహించవచ్చు. రెండు మూడు ఉంటే కత్తిని పొట్టి చేసి ఉండవచ్చు. పొడవాటి పాత కత్తులను తరువాతి కాలంలో కింది నుంచి కోసి పొట్టి చేసుకోవడం జపాన్‌లో మామూలే. ఆ కోతలో కమ్మరి సంతకం కూడా పోతుంది. కాబట్టి సంతకం లేని కత్తి నాసిరకమని అనుకోకూడదు. గొప్ప పాత కత్తుల్లో సంతకం లేనివి చాలా ఉన్నాయి.

సంతకం ఏ వైపు ఉందన్నది కూడా ఒక ఆధారమే. పాత కాలపు తాచి అనే పొడవాటి కత్తిని పదును కిందికి ఉండేలా నడుముకు వేలాడదీసేవారు. పదిహేనో శతాబ్దం నుంచి వ్యాపించిన కటానాను పదును పైకి ఉండేలా నడికట్టులో దోపుకునేవారు. రెండింటిలోనూ సంతకం సాధారణంగా శరీరానికి దూరంగా, బయటికి కనిపించే వైపే చెక్కుతారు. ఫలితంగా తాచి సంతకం ఒక వైపు, కటానా సంతకం దానికి ఎదురు వైపు వస్తాయి.

కొన్ని తోకల మీద తేదీ కూడా ఉంటుంది. దాన్ని చదవడం తెలుగువారికి కొత్తగా అనిపించదు. మనం విజయ నామ సంవత్సరం అన్నప్పుడు అది 2013–14 కావచ్చు, 1953–54 కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. పక్కన శాలివాహన శకం కూడా ఉంటేనే ఖాయం చేయగలం. శకానికి 78 కలిపితే చాలు. జపాన్ కమ్మరులు ఎక్కువగా వాడింది చక్రవర్తుల పాలనలోని శకాల పేర్లను. ఆ పేర్లు తిరిగి రావు కాబట్టి లెక్క సులువు. కాన్సెయ్ శకం 1789లో మొదలైంది. "కాన్సెయ్ 7వ సంవత్సరం 8వ నెల" అని ఉంటే 1788కి 7 కలిపి 1795 అనుకోవాలి. షోవా శకానికి 1925 కలపాలి; షోవా 19 అంటే 1944. నెల మాత్రం చాలా కత్తుల మీద రెండోదో ఎనిమిదోదో అయి ఉంటుంది. అది నిజంగా ఆ నెలలో చేసిందని కాదు, అలా రాయడం ఒక వాడుక.

దక్కన్ కత్తుల మీద హిజ్రీ తేదీలు కనిపిస్తాయి. చాంద్రమాన సంవత్సరం పొట్టిది కనుక నేరుగా 622 కలిపితే తప్పు వస్తుంది. హిజ్రీ సంఖ్యలో నూటికి మూడు వంతులు తీసేసి, ఆ తరువాత 622 కలపాలి. 1200 హిజ్రీ అలా 1785–86 అవుతుంది.

సంతకం ఉంది కదా అని సంబరపడటానికి లేదు. పేరున్న కమ్మరి సంతకాన్ని మామూలు కత్తి మీద చెక్కడం జపాన్‌లో ఎంత పాత అలవాటో, ఇరాన్ కత్తుల మీద అసదుల్లా ఇస్ఫహానీ పేరు చెక్కడం అంత పాత అలవాటు. ఆ పేరున్న కత్తులు ఒక మనిషి జీవితకాలానికి సరిపడనన్ని ఉన్నాయి, వాటి కాలాలూ కలవవు. అందుకని అనుభవం ఉన్నవారు సంతకాన్ని చివర చదువుతారు. ముందు ఆకారం, వంపు, ఉక్కు పోగుల తీరు, పదును గీత చూసి ఒక కాలం అనుకుంటారు. సంతకం దానితో ఏకీభవిస్తే సరే, లేకపోతే సంతకాన్నే అనుమానిస్తారు.

పదును గీత అంటే అలుగు అంచు వెంట అలలా కనిపించే తెల్లని హద్దు, హమోన్. కమ్మరి అలుగు వెన్నుకు మందంగా, అంచుకు పలచగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీటిలో ముంచుతాడు. మట్టి తక్కువ ఉన్న అంచు గభాలున చల్లారి మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణంగా మారుతుంది. వెన్ను మెల్లగా చల్లారి మెత్తగా, వంగేలా ఉంటుంది. మార్టెన్‌సైట్ కొంచెం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కత్తి వెన్ను వైపుకు ఒంగుతుంది. ఆ అందమైన వంపు కొంత కమ్మరి చేసింది, కొంత నీళ్లు చేసింది. భూతద్దంలో చూస్తే అసలు హమోన్ హద్దులో మెరిసే రవ్వలు, పొగమంచు లాంటి తెలుపు కనిపిస్తాయి. ఆసిడ్‌తో గీసిన నకిలీ గీత చదునుగా, సున్నం పూసినట్టు ఉంటుంది.

భారతదేశంలో కనిపించే జపాన్ కత్తుల్లో ఎక్కువ భాగం రెండో ప్రపంచ యుద్ధం నాటి దారిలో వచ్చినవే. బర్మా రంగంలో పోరాడిన సైన్యంలో భారతీయ సైనికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1945లో లొంగిపోయిన జపాన్ అధికారులు తమ కత్తులను అప్పగించారు. వాటిలో రెండు రకాలు కలిసిపోయాయి. జపాన్ ప్రభుత్వం 1876లో సామాన్యులు కత్తి ధరించడాన్ని నిషేధించాక కుటుంబాల్లో ఉండిపోయిన పాత అలుగులను కొందరు అధికారులు సైనిక పిడి, ఒర వేయించుకుని తెచ్చుకున్నారు. మిగిలినవి ఆ యుద్ధం కోసమే కర్మాగారంలో చేసినవి. కింది స్థాయి సైనికులకు 1935 నమూనా ప్రకారం ఇచ్చిన కత్తికి అలుగు మీదే అంకెల్లో ఒక క్రమ సంఖ్య ఉంటుంది. అది కనిపిస్తే సామురాయ్‌ల కథ ఆపేయవచ్చు. పైపైన సైనిక కత్తిలా ఉన్నా, పిడి ఊడదీస్తే లోపల నాలుగు వందల ఏళ్ల తోక బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. జపాన్ కత్తి ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలంటే తెలుగువారికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని జపాన్ విభాగం ఉంది.

బస్తర్ కత్తికి సంతకం లేదు

ఇక్కడే చిక్కు. సుక్మా దగ్గరి గుడిలోని కత్తి పిడి ఊడదీసినా పేరూ ఉండదు, తేదీ ఉండదు. ఇక్కడి కమ్మరులు సంతకం చేసేవారు కారు. ఒక ఆకారం ఫలానా కాలానిదని చెప్పే వంశావళి పుస్తకాలూ లేవు. జపాన్ పద్ధతిలో సగం ఇక్కడ పనిచేయదు. అయినా ఇనుము నోరు తెరవకపోలేదు, కాకపోతే అది లోపల మాట్లాడుతుంది.

పాత పద్ధతిలో ఇనుము తీసేటప్పుడు మట్టి కొలిమిలో ఖనిజం, బొగ్గు పొరలుగా వేసి తిత్తులతో ఊదేవారు. వేడి సుమారు 1200 డిగ్రీల సెల్సియస్‌కు చేరేది. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. కాబట్టి ఇనుము కరగకుండా స్పంజిలా ముద్దకట్టేది, మలినం మాత్రం కరిగి చిట్టెంగా కారేది. ఆ ముద్దను సుత్తితో బాదేకొద్దీ చిట్టెం పిండుకుపోయేది గాని, అంతా పోయేది కాదు. మిగిలిన చిట్టెం నూలు పోగుల్లా సాగి లోహంలో ఉండిపోతుంది. సూక్ష్మదర్శినిలో ఆ పోగులు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్య భారతంలో ఇలా ఇనుము తీసిన అగరియాల గురించి వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పుస్తకమే రాశాడు.

ఆ చిట్టెం పోగుల రసాయన కూర్పు ఖనిజం ఎక్కడిదో సూచిస్తుంది. జపాన్ ఇనుప ఇసుకలో టైటానియం ఉంటుంది. షిమానే ప్రాంతంలోని తతారా అనే పెద్ద మట్టి కొలిమిలో ఆ ఇసుకను దాదాపు మూడు రోజులు మండించి తీసిన ఉక్కులోని చిట్టెంలో ఆ టైటానియం మిగులుతుంది. బైలాడీలా లాంటి హెమటైట్ కొండల ఖనిజం నుంచి వచ్చిన ఇనుములో అది అంతగా కనిపించదు. రెండు కత్తులు బయటికి ఒకేలా నల్లగా ఉన్నా, లోపలి ఈ పోగులు వాటి పుట్టిళ్లు వేరని చెబుతాయి.

మూడో రకం తెలంగాణది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో, నిర్మల్, కరీంనగర్ పరిసరాల్లో మట్టి మూసల్లో ఇనుమును కార్బన్‌తో కలిపి పూర్తిగా కరిగించి ఉక్కు చేసేవారు. ఐరోపావారు వూట్జ్ అన్నది మన ఉక్కునే. లాంబ్టన్ నడిపిన త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూవిజ్ఞాన పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ కోనసముద్రం కొలుములను కళ్లారా చూశాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ వివరణ 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వర్తకులు ఇక్కడిదాకా వచ్చి దగ్గరుండి ఉక్కు చేయించుకుని తీసుకువెళ్లేవారని అందులో ఉంది. 2010లో ఎస్. జైకిషన్, శారదా శ్రీనివాసన్, గిలియన్ జూలెఫ్ తదితరులు ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి, వందలాది చోట్ల చిట్టెం కుప్పలు, మూస పెంకులు నమోదు చేశారు.

మూసలో కరిగింది కాబట్టి వూట్జ్‌లో చిట్టెం పోగులు ఉండవు. కార్బన్ ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. తక్కువ వేడిలో ఓపికగా సాగగొట్టితే సిమెంటైట్ అనే ఇనుప కార్బైడ్ రేణువులు వరసలు కట్టి, అలుగు మీద నీటి అలల్లాంటి జాడలు ఏర్పడతాయి. ఖనిజంలో అత్యల్పంగా ఉండే వెనేడియం వంటి మూలకాలే ఆ వరసలకు కారణమని వెర్హోవెన్, పెండ్రే బృందం 1998లో చూపింది. ఇప్పుడు డమాస్కస్ పేరుతో బజారులో అమ్మే చాకుల మీది జాడలు మాత్రం వేరు. అవి రెండు రకాల ఉక్కు పలకలను అతికి, మడిచి, ఆసిడ్‌లో ముంచినవి. వాటి చారలు పెద్దగా, మరీ పొందికగా, దాదాపు చీర అంచులా ఉంటాయి.

నాలుగో రకం అన్నిటికంటె ఎక్కువగా తగిలేది, ఎవరూ ఒప్పుకోనిది: ఆధునిక ఉక్కు. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కులో మాంగనీస్ కలపడం మామూలైంది. జంషెడ్‌పూర్‌లో టాటా కర్మాగారం 1912లో ఉక్కు పోసింది. రైలు, రోడ్డు వచ్చినచోట కమ్మరికి ఖనిజం కరిగించే కష్టం తప్పింది. పాత పట్టాల ముక్కలు, తరువాత లారీ కమాను పట్టీలు దొరికాయి. నేటికీ బస్తర్ కమ్మరుల చేతి పనితనం దేశమంతా ప్రసిద్ధం, భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. కానీ వారి కొలిమిలో పడేది కర్మాగారపు ఇనుమే. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరికరం ఒకటి కత్తికి ఆనించి నిమిషంలోపే మాంగనీస్, క్రోమియం ఎంతున్నాయో చెప్పగలదు. ఒక శాతానికి దగ్గరగా మాంగనీస్ కనబడిన "కాకతీయుల కత్తి" నిజానికి కమాను పట్టీ అయి ఉండే అవకాశమే ఎక్కువ. అయితే దాన్ని నకిలీ అనేయడమూ తొందరపాటే. మోసం కోసం చేసినది వేరు, అరిగిపోయిన పాత కత్తి స్థానంలో దేవతకు కొత్తది చేయించడం వేరు. రెండోదాంట్లో అబద్ధం లేదు, వయసు ఒక్కటే తక్కువ.

కార్బన్ పరీక్ష ఎంతవరకు?

"ల్యాబుకు పంపితే కార్బన్ డేటింగ్‌లో తేలిపోదా?" అన్నది తరచూ వచ్చే ప్రశ్న. ఇనుము లోహమే అయినా అందులో బొగ్గు నుంచి వచ్చిన కార్బన్ ఉంటుంది. ఆ బొగ్గు చెట్టు నుంచి వచ్చింది. చెట్టు బతికి ఉన్నప్పుడు గాలి నుంచి తీసుకున్న కార్బన్-14, 5730 ఏళ్లకు సగం చొప్పున తరుగుతుంది. కాబట్టి సూత్రప్రాయంగా ఇనుముకు కూడా కాలం కట్టవచ్చు. 1960ల చివరలోనే వాన్ డెర్ మెర్వే, స్టూయివర్ దీన్ని చేసి చూపారు. ఇప్పటి యంత్రాలకు ఒక మిల్లీగ్రాము కార్బన్ చాలు. ఒక శాతం కార్బన్ ఉన్న ఉక్కులో అది 0.1 గ్రాము లోహం నుంచి వస్తుంది; 0.1 శాతమే ఉన్న మెత్తని ఇనుములో ఒక గ్రాము కోయాలి. కోయడం అంటే కత్తికి గాయమే, అది తిరిగి పూడదు.

గాయం చేశాక వచ్చే జవాబులోనూ మూడు మడతలున్నాయి. మూడు వందల ఏళ్ల వేగిస మానును కాల్చిన బొగ్గుతో చేస్తే కత్తి ఆ మేరకు ముసలిదిగా కనిపిస్తుంది. పాత పనిముట్లను కలిపి కొట్టి చేసి ఉంటే రెండు వయసుల సగటు వస్తుంది. అన్నిటికంటె విచిత్రం రాక్షసి బొగ్గు. 1709లో ఇంగ్లండులో అబ్రహాం డార్బీ కోక్‌తో ఇనుము కరిగించడం మొదలుపెట్టాక, ఆ దారిలో వచ్చిన ఇనుములో కోట్ల ఏళ్ల నాటి కార్బన్ చేరింది. అందులో కార్బన్-14 ఏమీ మిగలదు. అలాంటి ముక్కను పరీక్షిస్తే పదుల వేల ఏళ్ల వయసు వస్తుంది. నవ్వొచ్చే సంఖ్యే గాని, చాలా పనికొచ్చే సంఖ్య. కత్తి కర్మాగారపు ఇనుముదని అంతకంటె తిరుగులేని రుజువు ఉండదు.

ఇంకో పరిమితి ఉంది. సుమారు 1650 నుంచి 1950 వరకు గాలిలోని కార్బన్-14 మోతాదు హెచ్చుతగ్గులకు లోనవడంతో, ఆ మూడు వందల ఏళ్లలో ఏ భాగమో ఈ పరీక్ష విడదీయలేదు. ఇళ్లలో, గుళ్లలో మిగిలిన కత్తుల్లో అత్యధికం ఆ మూడు వందల ఏళ్లవే. అంటే ఈ పరీక్ష చెప్పగలిగేది "1650 కంటె పాతదా, కాదా" అన్నంత వరకే.

భూమిలో దొరికిన వస్తువు సంగతి వేరు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కె.పి. రావు బృందం తవ్వకాల్లో చిన్న ఇనుప కత్తులు దొరికాయి. అక్కడ కాలం కట్టింది ఇనుముకు కాదు, దాని చుట్టూ ఉన్న మట్టికి. మట్టి రేణువులు చివరిసారి సూర్యకాంతి చూసి ఎంత కాలమైందో కొలిచే పద్ధతి అది. క్రీస్తుపూర్వం 2000 కంటె వెనక్కి పోయిన ఆ తేదీలపై పండితుల చర్చ నడుస్తూనే ఉంది. ఎవరైనా అదే కత్తిని పొలంలో తవ్వి, కడిగి, సంచిలో వేసుకుని తెచ్చి ఉంటే చర్చకు కూడా తావుండేది కాదు.

కోయకుండా చూసే దారులు పెరుగుతున్నాయి. న్యూట్రాన్ పుంజం ఇనుములోకి ఎక్స్‌రేల కంటె లోతుగా పోతుంది. బ్రిటన్‌లోని ఐసిస్ కేంద్రంలో జపాన్ కత్తులను చెక్కు చెదరకుండా ఉంచి, అలుగు లోపల ఏ భాగం ఎంత గట్టిదో, కార్బన్ ఎలా పంచుకుని ఉందో కొలిచారు. గుడి కత్తికి ఆ అదృష్టం ఇప్పట్లో పట్టకపోవచ్చు. అంతవరకు దాన్ని ఉన్నదున్నట్టు కాపాడటమే మిగిలిన పని.

చేతికి వస్తే

పొడి చేతి తొడుగుతో పట్టుకోవాలి. తెల్లని బట్ట మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి, రెండు వైపులా, వెన్ను, మొన, పిడి, ఒర విడివిడిగా ఫొటోలు తీయాలి. పొడవు, వెడల్పు, వెన్ను మందం, బరువు రాసుకోవాలి. పిడి సులువుగా రాకపోతే లాగకూడదు. మన కత్తుల్లో తోకను లక్కతో అతికి ఉంటారు, వేడి చేస్తే అలుగు పదును కూడా పోయే ప్రమాదముంది. నారింజ తుప్పు రాలుతుంటే అలుగుకు మాత్రం కుట్టు మిషను నూనె పలచగా రాసి, తేమ తగలనిచోట పెట్టాలి. శబరి, గోదావరి ఒడ్డు ఊళ్లలో వానాకాలం నాలుగు నెలలూ ఇదే పెద్ద పరీక్ష. తోలు ఒరలో మాత్రం ఉంచకూడదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి. భూమిలో దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. ఇంటి పనికి, సేద్యానికి కాని తొమ్మిది అంగుళాలు మించిన అలుగు ఆయుధాల చట్టం పరిధిలోకి రావచ్చు. తమ ప్రాంతంలో ఏ నిబంధన అమల్లో ఉందో కలెక్టరేట్‌లో అడగడం మేలు. చూపించి సలహా అడగడానికి సుక్మావారికి రాయ్‌పూర్‌లో భారత పురావస్తు సర్వే కార్యాలయం, జగదల్‌పూర్‌లో మానవ శాస్త్ర సంగ్రహాలయం ఉన్నాయి.

గుడి కత్తి విషయంలో అన్నిటికంటె తొందరగా చేయవలసింది ఫొటో కూడా కాదు. ఆ కత్తిని ఎవరు తెచ్చారు, ఏ కమ్మరి ఎప్పుడు పిడి మార్చాడు, ఎప్పుడైనా కొత్తది చేయించారా అన్నది ఊళ్లో ఒకరిద్దరు పెద్దలకే గుర్తుంటుంది. వాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల భాషలోనే, దోర్లిలోనో గోండిలోనో, చెప్పించి రికార్డు చేసుకోవాలి. చెప్పిన తేదీని, చెప్పినవారి వయసును పక్కన రాసి, ఆ కాగితాన్ని కత్తితో పాటే ఉంచాలి. జపాన్ కత్తికి తోక మీద ఉన్నది, ఈ కత్తికి ఆ కాగితం మీద ఉంటుంది.